ఆరు ఆదివారాలు, 33,040 రూపాయలు: కైజెన్ లీడర్ కోర్సు చేసొచ్చాక

పని పద్ధతుల్ని కొంచెం కొంచెంగా మెరుగుపరుచుకుంటూ పోవడాన్ని కైజెన్ అంటారు. దాన్ని షాపులో ముందుండి నడపడం నేర్పే కోర్సు ఇది. బిల్లుతోనే మొదలుపెడతా. కోర్సు ఫీజు 28,000. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 33,040 రూపాయలు. సగం మా కంపెనీ పెట్టుకుంది. మిగతా 16,520 నా జీతంలోంచి నెలకు 4,130 చొప్పున నాలుగు నెలలు పట్టుకున్నారు. ఏడాదిలోపు ఉద్యోగం మానేస్తే కంపెనీ కట్టిన సగం కూడా నేనే కట్టాలని ముందే సంతకం పెట్టించుకున్నారు. అందుకే ఈ రివ్యూ కొంచెం గట్టిగానే ఉంటుంది.

సంస్థ పేరు రాయను. ఇందులో పొగడ్తలతో పాటు తిట్లూ ఉన్నాయి. పైగా నేను కనుక్కున్నంతలో మిగతా చోట్ల కూడా ఇంచుమించు ఇదే సిలబస్, అటూ ఇటూగా ఇదే ఫీజు. మీరు ఎక్కడ చేరబోతున్నా పనికొస్తుందనే రాస్తున్నా.

నేను చర్లపల్లిలో ఒక ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్లో షాప్ ఇన్‌చార్జిని. 11 ఇంజెక్షన్ మెషిన్లు, మూడు షిఫ్టులు. మందుల సీసాలకు మూతలు, చిన్న చిన్న డబ్బాలు చేస్తాం. డిప్లొమా పట్టుకుని వచ్చి 14 ఏళ్లయింది. పోయినేడు ఒక పెద్ద కస్టమర్ ఆడిట్‌కి వచ్చి, "మీ దగ్గర కంటిన్యువస్ ఇంప్రూవ్‌మెంట్ ఎవరు చూస్తారు?" అని అడిగితే మా ఎండీ గారు క్షణం ఆలోచించకుండా నా వైపు చెయ్యి చూపించారు. అది నా పని అని నాకు అప్పుడే తెలిసింది. మర్నాడే ఈ కోర్సు బ్రోచర్ నా టేబుల్ మీదకి వచ్చింది.

బేగంపేటలో ఒక హోటల్ హాలు. ఆరు ఆదివారాలు, పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా. 24 మందిమి. సగం మంది ఫ్యాక్టరీల వాళ్లం, మిగతా సగం సాఫ్ట్‌వేర్, ఆసుపత్రి, బ్యాంకు బ్యాక్ ఆఫీసు వాళ్లు. భోజనం బాగుండేది, పప్పుచారు మరీనూ. మధ్యాహ్నం రెండింటికి ఏసీ హాల్లో ఆ పప్పుచారు తిన్నాక స్లైడ్లు చూపించకూడదని మాత్రం నిర్వాహకులకు ఎవరైనా చెప్పాలి.

ట్రైనర్ గారు చెన్నైలో ఆటో విడిభాగాల కంపెనీల్లో ఇరవై ఏళ్లు ఫ్లోర్ మీద పనిచేసిన మనిషి. తెలుగులో అరవం కలిసిపోతుంది. చేతులు చూస్తేనే తెలుస్తుంది మెషిన్ల దగ్గర బతికినవాడని. ఈ కోర్సులో ఐదుకి ఐదు ఇవ్వదగింది ఆయనకొక్కరికే.

మొదటి ఆదివారం అంతా చరిత్ర. 1950లో డెమింగ్ అనే అమెరికా గణాంక నిపుణుడు జపాన్ వెళ్లి క్వాలిటీ మీద పాఠాలు చెప్పడం, మర్నాటి ఏడు ఆయన పేరు మీద అక్కడివాళ్లు బహుమతి పెట్టడం, టొయోటాలో తైచి ఓనో ఏడు రకాల వృథాను లెక్కగట్టడం. 'కై' అంటే మార్పు, 'జెన్' అంటే మంచి అని బోర్డు మీద రాశారు. మన దేశంలో డెమింగ్ ప్రైజు మొదట తెచ్చుకుంది 1998లో చెన్నై పాడిలోని సుందరం క్లేటన్ బ్రేక్స్ డివిజన్ అని చెప్పేటప్పుడు ఆయన గొంతు కాస్త పెరిగింది. బాగానే ఉంది. కానీ నాకొక బాధ మిగిలింది. పనివాళ్లే చిన్న గుంపుగా కూర్చుని తమ పనిలో సమస్యలు తేల్చుకునే క్వాలిటీ సర్కిళ్లు మన దేశంలో మొదలైందే ఇక్కడ, రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో, 1980లో. దానికి దారి వేసిన ఉద్ప గారు ఆ తర్వాత 1982లో పెట్టిన క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఆఫీసు ఇప్పటికీ సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆ హాలుకి కూతవేటు దూరం. ఆరు వారాల్లో ఆ ముక్క ఒక్కసారి కూడా రాలేదు. మా బాబాయి బీహెచ్ఈఎల్‌లో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. సర్కిల్ పోటీలో గెలిచిన స్టీలు టిఫిన్ బాక్సు మా పిన్ని ఇంకా వాడుతోంది, మూత మీద అక్షరాలు సగం అరిగిపోయాయి. కోర్సు మధ్యలో ఒకసారి వెళ్లి అడిగితే బాబాయి అన్నాడు: "వారానికి ఒక గంట కూసునేటోళ్లం రా. మొదటి నెలంత ఫ్యాన్ల గురించే మాట్లాడినం. మా ఆఫీసరు ముందు ఫ్యాన్లు ఏయించిండు. ఆ తర్వాతనే మెషిన్ల గురించి మాట్లాడినం." ఈ ముక్కకి ఫీజు లేదు. తర్వాత ఎలా పనికొచ్చిందో చెప్తా.

రెండో ఆదివారం ఇచ్చిన హోంవర్క్ గురించి కాస్త వివరంగా రాయాలి. నా 33 వేలలో 20 వేలు దానికే వసూలయ్యాయి.

ఓనో తన దగ్గరికొచ్చిన ఇంజినీర్లను ఫ్లోర్ మీద చాక్‌పీసుతో వలయం గీసి అందులో గంటలకొద్దీ నిలబెట్టేవాడట. మమ్మల్ని ఒక్క గంట నిలబడమన్నారు. షరతు ఏంటంటే నోరు మెదపకూడదు, ఎవరికీ పని చెప్పకూడదు, ఫోన్ తియ్యకూడదు. బుధవారం బి షిఫ్టులో ఆరో నంబర్ మెషిన్ పక్కన గీత గీసి నిలబడ్డా. అప్పుడే మౌల్డు, అంటే మూతలు పోసే అచ్చు, మార్చడం మొదలైంది. పది నిమిషాల్లో షాపంతా గుసగుసలు. ఎండీ గారు నాకు పనిష్‌మెంట్ ఇచ్చారని ప్యాకింగ్ దాకా వార్త పాకింది.

ఆ గంటలో మౌల్డు బిగించే సెట్టర్ టూల్ రూమ్‌కి ఏడుసార్లు వెళ్లొచ్చాడు. ఏడుసార్లు! మొదట పానా కోసం. 19 నంబర్ పానా స్టోర్‌లో ఉంది, స్టోర్‌కి తాళం ఉంది, తాళం చెవి స్టోర్ కీపర్ జేబులో ఉంది, స్టోర్ కీపర్ చాయ్‌కి వెళ్లాడు. తర్వాత క్లాంపు. తెచ్చింది ఎత్తు సరిపోలేదు, కింద ఏదో ఇనప ముక్క పెట్టి చూశాడు, కుదరక మళ్లీ వెళ్లాడు. మౌల్డుని పైకెత్తే చైన్ బ్లాక్ రెండో నంబర్ మెషిన్ మీద ఉంది, అది ఖాళీ అయ్యేదాకా ఆగాడు. ఈ మనిషిని నేను ఏళ్ల తరబడి "మౌల్డు మార్చడానికి ఇంతసేపా?" అని అందరి ముందూ అన్నాను. ఆ గంటలో ఆయన ఒక్క నిమిషం కూడా ఊరికే కూర్చోలేదు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వలయంలో నిలబడి నేను చూసింది ఆయన నిదానం కాదు, నా షాపు తీరు.

గంట అయ్యాక వెళ్లి, "అన్నా, పానా ఎందుకు నీ దగ్గర ఉండదు?" అని అడిగా. ఆయన నన్ను వింతగా చూసి, "పోయినేడు అడిగిన సార్. పోతే ఎవరు జవాబుదారీ అన్నరు మీరే" అన్నాడు.

మూడో ఆదివారం 5ఎస్. ఇది అందరికీ తెలిసిందే. అనవసరమైనవి తీసెయ్, ఉన్నవాటికి చోటు పెట్టు, శుభ్రం చెయ్, పద్ధతి పెట్టు, అలవాటు చెయ్. అనవసరమైనవాటికి కట్టడానికి ఎర్ర ట్యాగులు కట్టలుగా ఇచ్చారు. సోమవారం నేను ఊపు మీద ఉన్నా. మధ్యాహ్నానికి ఒక ట్రాలీ నిండా సామాన్లకి ట్యాగులు కట్టి స్క్రాప్ యార్డుకి పంపించేశా. షాపు అద్దంలా మెరిసింది. ఫోటో తీసి గ్రూపులో పెడితే ముప్పై బొటనవేళ్లు వచ్చాయి.

మూతల అంచులు కోసే దగ్గర ఒక అక్క పనిచేస్తుంది, నాకన్నా సీనియర్. రెండ్రోజులుగా నాతో మాట్లాడటం లేదని మూడో రోజు గమనించా. చూస్తే బోర్లించిన క్రేటు మీద కూర్చుని కోస్తోంది. ఏమైందక్కా అంటే కత్తి పక్కన పెట్టి, "నా స్టూలు చెత్తల ఏసినవ్. నా నడుం గూడ ఏస్కపో సారూ" అంది.

తుప్పు పట్టి, ఒక కాలు కురచగా ఉన్న స్టూలు అది. నా కంటికి చెత్తే. అసలు సంగతేమంటే అక్కడ నేల డ్రెయిన్ వైపు వాలి ఉంటుంది. ఆ వాలుకి సరిపోయేలా ఎనిమిదేళ్ల క్రితం ఒక వెల్డరుతో ఆవిడే కాలు కోయించుకుంది. అంటే కైజెన్ అన్న మాట నేను వినకముందే మా షాపులో ఒకటి జరిగింది, నేను దానికి ఎర్ర ట్యాగు కట్టి తూకానికి పంపించా. యార్డుకి పరుగెత్తితే అప్పటికే లారీ వెళ్లిపోయింది. వెల్డర్‌ని పిలిచి, అక్కని పక్కన నిలబెట్టి, ఆవిడ చెప్పిన కొలతకి కొత్తది చేయించా. వాలు చూసుకోవడానికి నాలుగుసార్లు కోయాల్సొచ్చింది. తర్వాతి ఆదివారం ఈ కథ హాల్లో చెబితే అందరూ నవ్వారు. ట్రైనర్ గారు నవ్వలేదు. "ట్యాగు ఎవరు కట్టాలి?" అని మాత్రం అడిగారు. మర్నాటి నుంచి ఎవరి చోటులో వస్తువుకి వాళ్లే ట్యాగు కట్టాలని పెట్టాం. మొదటిసారికన్నా ఎక్కువ చెత్త బయటికొచ్చింది.

నాలుగో ఆదివారం స్మెడ్. అచ్చు మార్పిడి పది నిమిషాల లోపు ముగించడం అనే పద్ధతి. షిగెయో షింగో 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్సుకి డై మార్చే సమయాన్ని నాలుగు గంటల నుంచి గంటన్నరకు, తర్వాత మూడు నిమిషాలకు తెచ్చాడన్న కథ ఇది. కిటుకు వినడానికి చాలా చిన్నది. మెషిన్ ఆగి ఉన్నప్పుడే చెయ్యగలిగే పనులు వేరు, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగే పనులు వేరు. రెండింటినీ విడదీసి, రెండో రకం పనులన్నీ మెషిన్ ఆపకముందే ముగించడం. పెళ్లివాళ్లు వచ్చాక విస్తళ్లు కుట్టడం మొదలుపెట్టకూడదు, అంతే. భోజనాల దగ్గర "మా దగ్గర కుదరదు సార్, మావి పాత మెషిన్లు" అన్నా. "మీ సెట్టర్‌ని అడిగారా?" అన్నారాయన. అడగలేదు.

నా ప్రాజెక్టు ఇదే అయింది. వీడియో తీసి లెక్కగడితే ఒక మార్పుకి 130 నిమిషాలు. పానాలు, క్లాంపులు వెతకడానికి 25, చైన్ బ్లాక్ కోసం ఎదురుచూపు 18, బిగింపు 22, నీళ్ల పైపులు 15, పాత రంగు బయటికి తోయడం 20, మూత సరిగ్గా వచ్చేదాకా ట్రయల్ షాట్లు 30. సెట్టర్లు, హెల్పర్లు, నేను కలిసి షిఫ్టు మారే వేళ అరగంట చొప్పున కూర్చున్నాం. మొదటి మూడు రోజులు ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు బాబాయి ఫ్యాన్లు గుర్తొచ్చాయి. "మౌల్డు సంగతి పక్కన పెట్టండి, మీకు ఇక్కడ ఏది ఇబ్బంది?" అని అడిగా. నైట్ షిఫ్టులో చాయ్ రెండింటికి వస్తుంది, చల్లారిపోయి వస్తుంది, అన్నారు. రెండొందల యాభై రూపాయల ఫ్లాస్కు. అదే రోజు కొన్నా. ఆ తర్వాతే మాటలు మొదలయ్యాయి.

శ్రీకాకుళం నుంచి వచ్చిన హెల్పర్ కుర్రాడొకడున్నాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయి. నీళ్ల పైపులు తారుమారై మౌల్డు సరిగ్గా చల్లబడక రిజెక్షన్లు వస్తున్నాయని తల పట్టుకుంటుంటే, వెనక నుంచి మెల్లగా అన్నాడు: "వచ్చీదానికో రంగు, పోయీదానికో రంగు ఏసీస్తే అయిపోద్ది కదేటి సార్." కుషాయిగూడలో 180 రూపాయలకు రెండు చిన్న పెయింటు డబ్బాలు వచ్చాయి. ఎరుపు, నీలం. సంవత్సరం క్రితం కూడా వాడు ఇదే మాట నైట్ షిఫ్టులో ఎవరికో చెప్పాడట. ఎవరికో అని వాడు మర్యాదకి అన్నాడు. ఆ వారం నైట్ నాదే.

మిగతావి వరుసగా వచ్చాయి. పానాలు, సరైన ఎత్తు క్లాంపులు ఒక ట్రాలీ మీద సిద్ధంగా పెట్టడం. ఆఖరి లాటు నడుస్తుండగానే కొత్త మౌల్డు మెషిన్ పక్కకి తెచ్చి ఉంచడం. రంగుల క్రమం తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు అని లేత నుంచి ముదురుకి ప్లాన్ చెయ్యడం, తోసేసే మెటీరియల్ తగ్గుతుంది కాబట్టి. ప్రతి మౌల్డుకి టెంపరేచరు, ప్రెషరు అంకెలతో లామినేషన్ కార్డు. నీళ్ల పైపులు చటుక్కున తగిలించే క్విక్ కప్లర్లతో కలిపి మొత్తం ఖర్చు 19 వేల లోపు. 130 నిమిషాలు 58కి దిగింది. మూడు నిమిషాలు కాదు. కానీ మా పాత మెషిన్లకి 58 అంటే, ఆ రోజు సెట్టర్ తన డబ్బుతో అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

ఇక తిట్లు.

ఐదు, ఆరు ఆదివారాలు సిక్స్ సిగ్మా. తప్పుల్ని లెక్కలు కట్టి దాదాపు లేకుండా చేసే పద్ధతి, 1986లో మోటరోలాలో పుట్టింది. గొప్పదే, కాదనను. కానీ మా షాపులో వందకి నాలుగు మూతలు పాడవుతుంటే పది లక్షలకి 3.4 తప్పులే ఉండాలన్న లెక్క మీద రెండు రోజులు పెట్టడం, అన్నం ఉడకలేదంటే పోపు గురించి చెప్పినట్టుంది. ఈ లెక్కలు వేసే మినీట్యాబ్ సాఫ్ట్‌వేర్ నేర్పించారు. అందరికీ ఇచ్చింది ముప్పై రోజుల ట్రయల్. ప్రాజెక్టు మూడు నెలలు. డేటా వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ తలుపేసుకుంది. నేను చేసిందంతా గళ్ల కాగితం మీద పెన్సిలుతోనే. ఆ రెండు రోజుల్లో ఒకరోజు మనుషులతో ఎలా మాట్లాడాలన్న దానికి ఇచ్చి ఉంటే బాగుండేది. బ్రోచర్‌లో 'లీడర్' అన్న మాట నాలుగుచోట్ల ఉంది. క్లాసులో దాని మీద నడిచింది ఒక పూట.

ఆ ఒక్క పూట మాత్రం బంగారం. సలహాల పెట్టె పెట్టొద్దు, పెట్టె అంటే మాట్లాడొద్దని చెప్పడమే, అన్నారు ట్రైనర్ గారు. మా షాపులో ఒకటుంది. తాళం చెవి ఎప్పుడో పోయింది. హాక్సా బ్లేడుతో కోసి తెరిస్తే రెండు ఖాళీ గుట్కా ప్యాకెట్లు, ఒక చీటీ. "క్యాంటీన్ సాంబార్లో నీళ్లు ఎక్కువ." తారీకు మూడేళ్ల నాటిది. దాని బదులు ఒక బోర్డు పెట్టాం. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఒక్క రోజులో నా జవాబు. కాదంటే ఎందుకు కాదో రాయాలి. ఎవరైనా సమస్యతో వస్తే వెంటనే పరిష్కారం చెప్పకుండా "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడగాలి. ఇది నాకు ఇప్పటికీ కష్టమే, నాలుక దురద పెడుతుంది. నాలుగు వారాల్లో బోర్డు మీదకి 23 మాటలొచ్చాయి. 14 చేశాం, 6 కాదన్నాం, 3 నానుతున్నాయి. సాంబారు ఆ మూడింట్లో ఉంది.

సర్టిఫికెట్ ప్రెజెంటేషన్ రోజు జరిగింది కూడా చెప్పాలి. జడ్జీలు అడిగిందొకటే, "సేవింగ్స్ ఎంత?" వారానికి తొమ్మిది మార్పులు, మార్పుకి 72 నిమిషాలు, అంటే దాదాపు 11 గంటలు అని చెప్పా. అలా కాదు, రూపాయల్లో చూపించండి అన్నారు. మెషిన్ గంట రేటు 600తో, ఏడాదికి 52 వారాలతో గుణించి 3,36,960 అని స్లైడు మీద వేయించారు. అది ఉత్త లెక్క. ఆ మిగిలిన గంటల్లో ఆర్డరు ఉండి మెషిన్ నడిచింది సగం కూడా లేదు. అసలు లాభం వేరేచోట ఉంది. మార్పు సులువయ్యాక చిన్న లాట్లు వేస్తున్నాం, స్టోర్‌లో నెలల తరబడి దుమ్ము పట్టే మూతల బస్తాలు తగ్గాయి. అది చెప్పబోతే టైమ్ అయిపోయిందన్నారు. మూడు నెలల తర్వాత ఆ 58 నిలిచిందా లేదా అని అడిగేవాళ్లు ఎవరూ లేరు. ఇలాంటి కోర్సుల్లో ఇచ్చే గ్రీన్ బెల్ట్ అనే సిక్స్ సిగ్మా హోదాకి ప్రపంచం మొత్తానికి ఒకే అధికారిక బోర్డు అంటూ లేదు, ఏ సంస్థ బెల్టు ఆ సంస్థదే. కాబట్టి ఆ కాగితం కోసమే వెళ్లేవాళ్లు కాస్త ఆలోచించుకోండి.

మూడు నెలల మెంటరింగ్ అన్నారు. వాట్సాప్ గ్రూపులో రెండు వారాలు జవాబులు వచ్చాయి. తర్వాత వచ్చినవన్నీ దాని పై మెట్టు బ్లాక్ బెల్ట్ కోర్సు మీద డిస్కౌంట్ ప్రకటనలు. జీఎస్టీ బిల్లు కోసం నాలుగుసార్లు ఫోన్ చెయ్యాల్సొచ్చింది, అది లేకపోతే మా అకౌంట్స్ వాళ్లు కంపెనీ సగం ఇవ్వరు. స్లైడ్లు మొత్తం ఇంగ్లిష్. మా సెట్టర్లకి చూపించాలని అడిగితే తెలుగు లేదన్నారు. 19 నంబర్ పానా గురించిన కోర్సులో సెట్టర్‌కి చోటు లేకపోవడం ఏంటో నాకర్థం కాలేదు.

చిన్న యూనిట్ల యజమానులు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఒక మనిషిని ఇలాంటి కోర్సుకి పంపేముందు కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ లీన్ స్కీమ్, అంటే వృథా తగ్గించుకునే పథకం, చూడండి. 2023 మార్చిలో కొత్త రూపంలో తెచ్చారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉన్న యూనిట్‌కి కన్సల్టెంట్ ఫీజులో 90 శాతం ప్రభుత్వం భరించేలా పెట్టారు. హాల్లో స్లైడ్లు చూడటం కాదు, పని మీ ఫ్లోర్ మీదే జరుగుతుంది. మా ఎండీ గారికి చెప్పా, చూద్దాం అన్నారు.

నా రేటింగు ఐదుకి మూడు. ట్రైనర్‌కి ఐదు, సిలబస్‌కి రెండున్నర, ఆఫీసు వాళ్లకి ఒకటి. షిఫ్టు నడిపే బాధ్యత ఉండి, పదిమందితో రోజూ తలపడేవాళ్లయితే వెళ్లండి. చేరేముందు ఆ ట్రైనర్ ఫ్లోర్ మీద ఎన్నేళ్లు పనిచేశారో, మీ షాపుకి ఒక్కసారైనా వస్తారో లేదో అడగండి. మా ట్రైనర్ గారు ఫీజులో లేకపోయినా ఒక శనివారం తనంతట తానే వచ్చారు. అక్క స్టూలు మీద కూర్చుని చూసి లేచారు.

ఇది రాసేముందు లాగ్ బుక్ చూశా. ఈ నెల సగటు 71 నిమిషాలు. పదమూడు నిమిషాలు జారింది. నిన్న మళ్లీ చాక్‌పీసు తీసుకుని ఆరో నంబర్ దగ్గర నిలబడ్డా. ఈసారి గీత పక్కన శ్రీకాకుళం కుర్రాడు కూడా నిలబడ్డాడు, వాడే వస్తానన్నాడు. ట్రాలీ మీద 19 నంబర్ పానా లేదు. మళ్లీ స్టోర్‌లో ఉంది, తాళంలో. స్టాక్ లెక్క తేలడం లేదని స్టోర్ కీపర్ రోజూ సాయంత్రం ట్రాలీ ఖాళీ చేయించి లోపల పెట్టుకుంటున్నాడట. మూడు నెలల్లో ఇన్ని మీటింగులు పెట్టాం, ఒక్కదానికీ ఆయన్ని పిలవలేదు. సోమవారం పిలుస్తున్నాం.